మా కార్పొరేటర్‌ను మార్చేశారు

మొన్న ఆదివారం పొద్దున హనుమకొండలో మా ఇంటి ముందు హారన్ మోగింది. ఆ గొంతు ఎక్కడ విన్నా గుర్తుపడతాను కనుక, చేతిలోని చాయ్ గ్లాసు అక్కడే పెట్టి గేటు దగ్గరికి పోయాను. అది మా బాపు, అంటే మా నాన్న, అంబాసిడర్ కారు. తమ్ముడు పోయిన తరువాత అది వాడి కొడుకు చేతికి వచ్చింది. వాడు దానికి మీగడ రంగు వేయించి, పెళ్లికి ముందు ఫొటోలు దిగే జంటలకు కిరాయికి తిప్పుతున్నాడు. షెడ్డులో తుప్పు పట్టడం కంటే అదే నయం కదా అని నేనూ ఏమీ అనలేదు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, "అత్తా, ఇగ సూడు" అంటూ వాడు తాళం తిప్పాడో లేదో, బండి ఇట్టే అందుకుంది. దగ్గలేదు, తుమ్మలేదు, ఒక్క మాటైనా బతిమాలించుకోలేదు. నేను మెచ్చుకుంటానని వాడు నా మొహంలోకి చూస్తున్నాడు గాని, నాకు మాత్రం ఒళ్లు మండింది. పొద్దున పూట చోక్ గుంజకుండా ఆ బండి లేవడం నా ఎరుకలో ఎన్నడూ లేదు.

ఏం చేశావురా దీన్ని అని అడిగితే, ఘనకార్యం చేసినట్టే చెప్పాడు. "పాత కార్పొరేటర్ ఖరాబైంది అత్తా, పీకేసి కొత్తది ఏపిచ్చిన. అంత ఆటోమేటిక్. ఇగ చోక్ తోని పనే లేదు."

పుస్తకాల్లో కార్బొరేటర్ అని రాస్తారు గాని, మా వరంగల్ షెడ్లలో దాన్ని కార్పొరేటర్ అనే అంటారు, మా ఇంట్లోనూ అదే పేరు. పెట్రోలును, గాలిని పాళ్లు చూసి కలిపి ఇంజనుకు తాగించే పిడికెడంత లోహపు బుడ్డి అది. చలికి బిగుసుకున్న ఇంజనుకు పొద్దున్నే పెట్రోలు కాస్త ఎక్కువ కావాలి. అందుకోసం స్టీరింగు పక్కన ఒక నల్ల గుండీ ఉంటుంది, దాన్ని గుంజితే లోపలి తీగ పోయి ఆ బుడ్డిని కదిలిస్తుంది. అదే చోక్. నా వయసు వాళ్లకు ఇదంతా చెప్పనక్కరలేదు గాని, మా మేనల్లుడి వయసు వాళ్లు ఎవరైనా చదువుతారేమో అన్న ఆశతో రాస్తున్నాను.

మా అమ్మకు చదువు రాదు. కార్పొరేషన్ ఎన్నికల్లో కార్పొరేటర్‌గా నిలబడ్డ ఒకాయన ఓట్ల కోసం మా గల్లీకి వచ్చి, దండం పెట్టి తానెవరో చెప్పుకుంటే, ఆ పేరు మనిషికి ఎట్లా వచ్చిందా అని అమ్మ పాపం నిజంగానే ఆశ్చర్యపోయింది. బాపు విడమరిచి చెప్పాక నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆయన గెలిచాడు గాని మా నల్లాలో నీళ్లు రాలేదు, మురుగు పారే మోరీ బాగుపడలేదు. అప్పటి నుంచి ఆయన మాట ఎవరెత్తినా అమ్మ, "గాయన కన్న మన కార్ల కార్పొరేటరే నయం, పిలిస్తే పలుకుతది" అనేది. ఆ మాట గల్లీ అంతా పాకింది.

బాపు వరంగల్ స్టేషన్ ముందు టాక్సీ నడిపేవాడు. సెకండ్ హ్యాండులో కొన్న బండి, బ్యాటరీ ఎప్పుడూ నీరసంగానే ఉండేది. చలికాలం వచ్చిందంటే సెల్ఫ్ కొట్టినా మూలిగి ఊరుకునేది. అందుకని బాపు ముందు వైపు నిలబడి ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పేవాడు, లోపల స్టీరింగు ముందు అమ్మ కూర్చునేది. అమ్మకు డ్రైవింగ్ రాదు, నేర్పిస్తానని ఎవరూ అనలేదు. ఊరి జనమంతా బాపు టాక్సీలో తిరిగారు గాని, అమ్మ ఆ బండిలో డ్రైవర్ సీటులో కూర్చున్నది ఆ కాసేపే. బాపు బయటి నుంచి "గుంజు" అనగానే సకినాల పిండి అంటిన వేళ్లతోనో, కిరోసిన్ వాసన కొట్టే చేతితోనో చోక్ గుంజేది. ఎంత గుంజాలో ఆమెకు బాపు చెప్పే పని లేదు. మంచు పడిన పొద్దున పూర్తిగా, ముసురు పట్టిన నాడు సగం, ఎండాకాలం ఊరికే ముట్టినట్టు. బండి అందుకున్నాక గబుక్కున వదిలేస్తే మళ్లీ ఆగిపోతుంది, అందుకని చంటిపిల్లను పడుకోబెట్టినంత మెల్లగా గుండీని లోపలికి తోసేది.

ఒకసారి నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకొని, నా చెయ్యి గుండీ మీద పెట్టి, దాని మీద తన చెయ్యి పెట్టి గుంజింది. తీగ అవతల స్ప్రింగు ఉంటుంది కదా, అది వెనక్కి లాగుతుంది. "సూసినవా బిడ్డా, అటు దిక్కు ఎవలో పట్టుకున్నట్టే లేదూ?" అంది. నిజంగా అట్లాగే ఉండేది. ఆ గుండీ మీద తెల్లగా ఇంగ్లీషు సి అక్షరం ఉండేది. నా వాచకంలో పిల్లి బొమ్మ పక్కన ఆ అక్షరం చూసి, "ఇది మన చోక్ అక్షరం గదనే" అని అమ్మ సంబరపడిపోయింది. ఆమెకు వచ్చిన ఇంగ్లీషు అంతా ఆ ఒక్క అక్షరమే. నేను తరువాత టీచరునై, పిల్లలకు ఆ అక్షరం దిద్దించినప్పుడల్లా ముందు చోక్ గుర్తొచ్చి, ఆ తరువాతే పిల్లి గుర్తొచ్చేది. పొద్దెక్కినా ముసుగు తీయని తమ్ముడిని లేపమనాలంటే కూడా అమ్మ, "వానికి జర చోక్ గుంజుపో" అనేది.

అట్లాంటి కార్పొరేటర్ ఖరాబైందట! ఎట్లా ఖరాబైందిరా అని నిలదీస్తే అసలు సంగతి బయటపడింది. పాలంపేటలో రామప్ప చెరువు దగ్గర ఫొటోలు దిగడానికి ఒక జంటను తీసుకుపోయారు. దండలు, మొహానికి పూసుకునే సామాను ఉన్న సంచి ఎక్కడ పెట్టాలో తోచక, చోక్ గుండీని పూర్తిగా బయటికి గుంజి, కొక్కెం దొరికిందని దానికి తగిలించారు! సంచి బరువుకు చోక్ అట్లాగే ఉండిపోయింది. కాగిన ఇంజనుకు దారి పొడుగునా తాగినంత పెట్రోలు తాగిస్తే అది మాత్రం ఏం చేస్తుంది? నల్లటి పొగ కక్కి, పాలంపేట పొలాల మధ్య ఆగిపోయింది. కాబోయే పెళ్లికూతురు మొహం ముడుచుకుంది, మా వాడి పరువు పోయింది. తప్పు సంచిది, ఆ సంచి తగిలించిన చేతిది. శిక్ష పడింది మాత్రం నోరు లేని కార్పొరేటర్‌కు. నాకు ఒక్క ఫోన్ చేస్తే, సంచి తీసి గుండీ లోపలికి తోసి కాసేపు ఆరనివ్వండిరా అని చెప్పేదాన్ని కాదా?

అది నాకు కావాలి, షోకేసులో పెట్టుకోవడానికి కాదు, మళ్లీ ఆ బండికే బిగించాలి అన్నాను. వాడు నీళ్లు నమిలి, మెకానిక్ దగ్గరే వదిలేశానన్నాడు. మరునాడే ఆటో ఎక్కి ఆ షెడ్డుకు పోయాను. మెకానిక్ మర్యాదస్తుడే, కుర్చీ తుడిచి వేశాడు. నేను వచ్చిన పని విని నాలుక కరుచుకున్నాడు.

"అది మంచిగనే ఉండె అమ్మా. జర కడిగితే అయిపోయేది. మీవోడే గా లొల్లి నాకొద్దు, మార్చెయ్యమన్నడు. పరకాల దిక్కు ఒకాయన అసలుదే కావాలని ఎప్పటిసంది తిరుగుతాండె, ఆయన బండికి ఏసిన" అన్నాడు.

ఖరాబు కాలేదు! బతికి ఉన్నదాన్ని బతికి ఉండగానే ఇంట్లోంచి సాగనంపారు. తిరిగి ఇప్పించమన్నాను. ఆ మెకానిక్ వెంటనే పరకాల ఆయనకు ఫోన్ కలిపి, ఆ కార్పొరేటర్ ఈ అమ్మ వాళ్లదేనని చెప్పి నా చేతికిచ్చాడు. నేను నోరు తెరిచే లోపే ఆయన, "మస్తున్నదమ్మా, మా బండికి పానమొచ్చింది. మా ఇంటామె చోక్ గుంజుతాంది, సగానికే లేస్తాంది" అన్నాడు. "సగం ఇప్పుడు సరిపోతది. మంచు పడ్డనాడు నిండ గుంజుమను. లేసినంక గబుక్కున ఇడిసిపెట్టద్దను" అని కసురుకున్నట్టే చెప్పి ఫోన్ ఇచ్చేశాను. ఆయన ఏమనుకున్నాడో ఏమో.

సాయంత్రం మా వాడి ఇంటికి పోయాను. కొత్తదాన్ని తిట్టడానికి నాకు సాకు దొరకలేదు, అది మంచి పనిమంతురాలే. ఇంట్లో మిక్సీ నుంచి ఫోన్ దాకా అన్నీ ఇట్లాగే ఒక్క వేలికి లేస్తున్నాయి, ఎవరినీ ఎవరూ పిలవనవసరం లేకుండా. బండి లేవాలంటే బయట ఒకరు, లోపల ఒకరు ఉండవలసిన కాలంలో, మా అమ్మ లేకుండా మా బాపు గల్లీ దాటలేకపోయేవాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. కొత్త యంత్రం మీద నా కోపం అంతా అదే. అది మా అమ్మను అవసరం లేని మనిషిని చేసింది.

వాడి ఇంటి షెడ్డులో బండి ఎక్కి డ్రైవర్ సీటులో కూర్చున్నాను. చోక్ గుండీ మాత్రం అక్కడే ఉంది, పాతబండి అంటే అది కనబడాలి అత్తా, ఫొటోల్లో బాగుంటది అన్నాడు మా వాడు. సి అక్షరం అరిగి సగమే మిగిలింది. మెల్లగా గుంజాను. తీగ మొత్తం చేతిలోకి జారి వచ్చేసింది. అటు దిక్కు ఎవరూ పట్టుకోలేదు.