అవ్వ ఆగిన కుంట

కర్రకు ఆముదం రాసిన రోజున ఇల్లంతా మా అవ్వ వాసన వేస్తుంది. తలుపు మూలన నిలబెట్టిన గట్టి వెదురు కర్ర అది. ఒక కొస ముసలి చేతి చెమటకు నల్లబడి నున్నగా ఉంటుంది. నేలకు ఆనాల్సిన రెండో కొస కూడా అంతే నున్నగా ఉంటుంది. చూసినవాళ్ళు ఇదేం కర్ర, రెండు వైపులా ఇట్లా అరిగిందని అడుగుతారు. ఒక కొస అవ్వ పట్టుకునేది. రెండో కొస పట్టుకుని నేను ముందు నడిచేదాన్ని. అది నేలను తాకింది తక్కువ.

మా పల్లె రాచర్లకు కూతవేటు దూరంలో ఉండేది. అప్పుడు మాది కర్నూలు జిల్లా, మమ్మల్ని ఏలేది మద్రాసు. మద్రాసంటే మాకు తెలిసింది మాత్రం ఏడాదికోసారి గుర్రం మీద వచ్చి, రచ్చబండ దగ్గర దిగకుండానే వెళ్ళిపోయే తాసిల్దారు ఒక్కడే. మా పేటలో అందరివీ బోదగడ్డి కప్పిన గుడిసెలే. ప్రార్థన ఇంటికి కూడా అదే గడ్డి, కాకపోతే దాని గోడలకు సున్నం ఉండేది. ఉపదేశి అయ్యగారు బైబిలు చదివితే మేము వినేవాళ్ళం. మేకల వెనక తిరిగే పిల్లకు అక్షరాలెందుకని నన్ను ఎవరూ బడికి పంపలేదు. మనవరాలి పక్కన కూర్చుని నేను పలక పట్టుకునేసరికి నాకు అరవై దాటాయి. అందుకేనేమో, ఆనాటివన్నీ నాకు ముక్కుతోనూ నాలుకతోనూ అరికాళ్ళతోనూ జ్ఞాపకం ఉన్నాయి.

మాకు ఏడాదంతా ఒక ఎత్తు, కంభం కూటాలు ఒక ఎత్తు. జొన్న కోతలై, కళ్ళాలు ఊడ్చి, కూలికి వచ్చిన గింజలు కుండల్లోకి చేరాక, పొద్దున మంచూ మధ్యాహ్నం ఎండా ఉండే రోజుల్లో చుట్టుపక్కల పేటలవాళ్ళంతా కలిసి కంభం చెరువుకట్ట దగ్గరికి నడిచిపోయేవాళ్ళు. అక్కడ పెద్ద పందిరి వేసి మూడు రోజులు వాక్యం చెప్పేవాళ్ళు. కొత్తగా నమ్ముకున్నవాళ్ళకు చెరువు నీళ్ళలో బాప్తిస్మం ఇచ్చేవాళ్ళు. దానికి వారం ముందు నుంచే ప్రతి గుడిసెలోనూ పెనం దిగేది కాదు. ఎండబెట్టినట్టు గట్టిగా కాల్చిన జొన్నరొట్టెలు, వెల్లుల్లి వేసి దంచిన ఎర్రకారం, బెల్లం పాకంలో కలిపిన జొన్న పేలాలు, ఉప్పునీళ్ళు చల్లి వేయించిన శనగలు మూటలు కట్టేవాళ్ళు. మా అమ్మ ఆ మూటల్ని ఉట్టి మీద పెట్టి, ఎలుకల నుంచి కంటే నా నుంచే ఎక్కువ కాపలా కాసేది. బయలుదేరే ముందురోజు పిల్లలందరికీ కుంకుడుకాయతో తలలు రుద్దేవాళ్ళు. ఆ మంటకు పేటంతా ఏడుపులే. దారిన పోయే రైతులు, “ఏందిరా, కిరస్తానం వాళ్ళకు పండగొచ్చినట్టుండాదే!” అని నవ్వుకుంటూ పోయేవాళ్ళు.

మా అవ్వ, అంటే మా నాయన తల్లి, చిన్నప్పుడు పోలేరమ్మ, బాప్తిస్మం తీసుకున్నాక మరియమ్మ. పాత చుట్టాలు పోలక్కా అని పిలిచినా పలికేది, ఉపదేశి మరియమ్మా అని పిలిచినా పలికేది. నమ్ముకున్నప్పుడు పాతవన్నీ విడిచిపెట్టింది గానీ పొగాకు ఒక్కటి విడవలేదు. ఆదివారం ప్రార్థన ఇంటి గుమ్మం దగ్గర, దవడలోని కాడ తీసి ఒక రాయి కింద పెట్టి లోపలికి పోయేది, ఆరాధన అయిపోగానే అదే రాయి ఎత్తి మళ్ళీ దవడన పెట్టుకునేది. ఒక ఆదివారం మా మేనత్త శాంతమ్మ ఆ రాయిని మార్చిపెట్టింది. అవ్వ గోడ పొడుగునా రాళ్ళన్నీ ఎత్తి చూస్తుంటే పేటంతా విరగబడి నవ్వింది.

అవ్వ మాకు ఒక సంగతి చెప్పేది. ఇద్దరు పసిబిడ్డలు వరసగా పోయి, మూడోవాడు, అంటే మా నాయన, చంకబిడ్డగా ఉన్నప్పుడు, ఆమె కంభం చెరువులో బాప్తిస్మం తీసుకుంది. మునిగి లేస్తుండగా ఎవరో వెనక నుంచి వీపు మీద చెయ్యి పెట్టినట్టయిందట. బాప్తిస్మం ఇచ్చిన అయ్యగారు ముందరే ఉన్నాడు, ఆయన రెండు చేతులూ ఆమె చేతుల్నే పట్టుకుని ఉన్నాయి. తిరిగి చూస్తే వెనక నీళ్ళు తప్ప ఎవరూ లేరు. “రొట్టెలు కాల్చినంక పెనం ఎట్లుంటాది, అంత ఎచ్చగా ఉండె ఆ చెయ్యి” అనేది. బిడ్డలు పోయినప్పటి నుంచి రొమ్ములో ఉన్న రాయి ఆ ఒక్క క్షణంలో దిగిపోయిందట. ఆ చెయ్యి కోసమే ఆమె ప్రతి ఏడూ నడిచి పోయేది. చెరువులో మోకాళ్ళ లోతు దిగి, కళ్ళు మూసుకుని నిలబడేది. తిరిగి వచ్చాక నేను, “వచ్చిందా అవ్వా?” అని అడిగేదాన్ని. “ఈ తూరి రాలే” అనేది, ఊరెళ్ళిన చుట్టం గురించి చెప్పినట్టుగా.

నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో ఉన్న ఏడు అవ్వ కళ్ళకు పొరలు పూర్తిగా కమ్మేశాయి, మోకాళ్ళు వాచాయి. నాయన ఈసారి వద్దన్నాడు. వంట సామాను తీసుకుపోయే బండిలో కూర్చోమన్నాడు. “ఎద్దు నడిస్తే దీవెన ఎద్దుకొస్తాది, నాకేమొస్తాది?” అంది అవ్వ. ఇదే తనకు చివరిసారి అని ఆమెకు తెలుసు, మాకూ తెలుసు. చనిపోయే లోపల ఆ చెయ్యి ఇంకొక్కసారి తగలాలి, అంతే ఆమెకు కావలసింది. అంతవరకు మేకల కాపలాకు నన్ను ఇంటి దగ్గరే వదిలి పోయేవాళ్ళు. ఆ ఏడు మాత్రం కర్ర పట్టుకోవడానికి మనిషి కావాలి కాబట్టి నన్ను తీసుకుపోయారు.

మొదటి రోజు నడక ఎంత బాగుందో ఇప్పటికీ చెప్పలేను. బాట పొడుగునా మోదుగ చెట్లు ఆకు లేకుండా ఎర్రగా పూసి ఉన్నాయి. ఎండిన జొన్న మోళ్ళ మీద పడమటి కొండల గాలి ఈలలు వేసింది. ఉపదేశి కంజర కొడుతూ పాట ఎత్తుకుంటే ముందువాళ్ళు అందుకునేవాళ్ళు, వెనకవాళ్ళకు అది చేరేసరికి ముందువాళ్ళు రెండో చరణంలో ఉండేవాళ్ళు, అట్లా ఒకే పాట బాట పొడుగునా రెండు మూడు చోట్ల పాడుతున్నట్టుండేది. గుండ్లకమ్మ ఇసుకలో చెలమలు తీసి నీళ్ళు తాగాం. పక్కనుంచి గిద్దలూరు వైపు రైలు పోతుంటే పిల్లలందరం చేతులూపాం. అవ్వ కూడా రైలు కూత వచ్చిన వైపు చెయ్యి ఊపింది. ఆ రాత్రి ఒక పేటలో చింతచెట్ల కింద పడుకున్నాం.

రెండో రోజు మధ్యాహ్నానికి అవ్వ పాదాలు పగిలాయి. పది అడుగులు వేసి కూర్చునేది, కూర్చున్న ప్రతిసారీ “వచ్చినామా?” అని అడిగేది. మా గుంపు ముందుకు పోయింది. నాయన బండి ఇరుసు చూసుకుంటూ ముందే ఉన్నాడు. పాట వినపడీ వినపడకుండా ఉంది. నా ఈడు పిల్లలు అక్కడ అచ్చనగాయలు ఏరుకుంటూ, పేలాలు తింటూ పోతూ ఉంటారు. నేను ఈ కర్ర కొస పట్టుకుని ఎండలో నిలబడి ఉన్నాను. జాలి కలిగిందని చెప్పుకుంటే బాగుండేది, కానీ నాకు విసుగే ఎక్కువగా కలిగింది.

బాట పక్కన ఒక చిన్న గట్టు, గట్టు అవతల బర్రెలు పడుకునే కుంట కనపడింది. నీళ్ళ మీదుగా చల్లగాలి వీచింది. అవ్వ తల ఎత్తి వాసన చూసి, “సువార్తా, వచ్చినామా?” అంది.

“వచ్చినామవ్వా. ఇదే చెరువు” అన్నాను.

ఆమె కర్ర పట్టుకుని లేచింది. “కొండలు కనపడతాండాయా?” అంది. రెండు పక్కలా కొండలున్నాయన్నాను. “నడిమధ్యన లంకలు?” లంకలున్నాయి, వాటి మీద చెట్లున్నాయి, తెల్లకొంగలు వాలి ఉన్నాయన్నాను. నేను కంభం చెరువును ఎన్నడూ చూడలేదు. ఏళ్ళ తరబడి ఆమె నాకు చెప్పిన మాటల్నే ఆమెకు తిరిగి చెప్పాను. ఆమె నమ్మింది.

గట్టు దిగి, చెప్పులు లేని ఆ పగిలిన పాదాలతో బురదలోకి నడిచింది. బురద జారుతోంది. పడిపోతే నాయన నన్ను చంపుతాడని భయమేసి, కర్ర వదిలి, వెనకనుంచి నా అరచెయ్యి ఆమె వీపుకు ఆనించి నిలబడ్డాను. రవిక లేని ఎముకల వీపు ఎండకు కాలిపోతోంది. అవ్వ కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి, తర్వాత అవీ ఆగిపోయాయి.

ఆ తర్వాత జరిగింది నాకు రాయడం రాదు. గాలి నిలిచిపోయింది. అవతలి ఒడ్డున బర్రెలు నెమరు వేయడం మానినట్టు అనిపించింది. దాహం, విసుగు, ఎండ, అబద్ధమాడానన్న భయం, అన్నీ ఎక్కడికో పోయాయి. మా ఇద్దరి వెనకా ఎవరో వచ్చి నిలబడినట్టు నాకు మెడ వెనక తెలిసింది. తిరిగి చూడాలని అనిపించలేదు. నా చెయ్యి నా చెయ్యిలాగా లేదు. నీళ్ళలోకి చూస్తే మా నీడలు రెండే ఉన్నాయి. అవ్వ కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం మీద నుంచి కుంటలో పడుతున్నాయి. “వచ్చినావా నాయనా” అంది, నాతో కాదు.

ఎంతసేపు అట్లా ఉన్నామో తెలియదు. మమ్మల్ని వెతుక్కుంటూ వెనక్కి వచ్చిన శాంతత్త గట్టు మీద నుంచి కేక పెట్టింది. “ఏందే ఇది! చెరువు ఇంకా కోసెడు దూరముంటే ఈ బర్రెల కుంటలో దిగినారేంది? పేడ నీళ్ళే అవి!”

అవ్వ కళ్ళు తెరిచింది. వంగి, దోసెడు నీళ్ళు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ ముఖంలో వెలుగు ఆరిపోవడం నేను చూశాను. ఈ డెబ్భై ఏళ్ళలో నేను చాలా చూశాను గానీ అంతకన్న బాధ కలిగించింది లేదు. ఆమె నన్ను తిట్టలేదు. “నా కర్ర నాకియ్యి” అంది. ఇచ్చాను. రెండో కొస శాంతత్త చేతిలో పెట్టి నడిచింది.

మూడు రోజులూ నాతో మాట్లాడలేదు. పందిట్లో వేలమంది గొంతులు, పెట్రోమాక్సు దీపాల చుట్టూ పురుగులు, పెద్ద గుండిగల్లో ఉడికే కొర్రన్నం, పప్పుచారు వాసన, ఇంతకాలం నేను కలలు కన్నవన్నీ నా చుట్టూ ఉన్నాయి, నాకు ఒక్క ముద్ద దిగలేదు. ఆఖరి రోజు తెల్లవారుజామున నాయన ఆమెను నిజమైన చెరువులోకి దించాడు. కట్ట మీద నుంచి చూశాను. కొండలు, లంకలు, కొంగలు, నేను అబద్ధంగా చెప్పినవన్నీ అక్కడ నిజంగా ఉన్నాయి. అవ్వ మోకాళ్ళ లోతులో చాలాసేపు నిలబడింది. ఎవరూ ఆమె వీపు తాకకుండా నాయనను కూడా దూరం పొమ్మంది. ఒడ్డుకు వచ్చాక నాయన, “ఎట్లుండాదమ్మా?” అని అడిగితే, “నీళ్ళు సల్లగుండాయి” అంది. అంతే.

తిరుగు ప్రయాణంలో ఆ గట్టు దగ్గరికి వస్తుండగా నేను తల వంచుకుని బాటకు అవతలి పక్కన నడుస్తున్నాను. అవ్వ గాలి వాసన పట్టి ఆగింది.

“సువార్తా! యాడుండావే?”

మూడు రోజుల తర్వాత నా పేరు పిలిచింది. దగ్గరికి పోయాను.

“ఆ పొద్దు నా ఈపు మీద చెయ్యి ఎవురిది?”

ఇంకో అబద్ధం చెప్పి ఉంటే ఆమె సంతోషంగా ఇంటికి పోయేదేమో. ఉన్నమాటే చెప్పాను. “నాదే అవ్వా. పడతావని పట్టుకున్నా.”

శాంతత్త పకపకా నవ్వి, “చూడు, దేవుడు మన సువార్తే!” అంది. అవ్వ ఆ వైపు తిరగను కూడా లేదు. నా చేతికి కర్ర కొస ఇచ్చి, గట్టు దింపమంది. ఎద్దులు ఆగాయి, గుంపు ఆగింది, ఉపదేశి కంజర ఆపాడు. పేడ వాసన వేసే ఆ నీళ్ళలో నిలబడి, “ఆడే పెట్టు” అంది.

పెట్టాను. నా చెయ్యి ఎంత చిన్నదో నాకు తెలుస్తూనే ఉంది. ఆమె చాలాసేపు నిలబడింది. చివరికి ఇది చాలనుకుని నేను చెయ్యి తీయబోయాను.

“కొంచేపు తియ్యమాక” అంది అవ్వ.

మళ్ళీ జొన్నలు కోతకు రాకముందే అవ్వ పోయింది. ఆ చెయ్యి నాదని ఆమె అనుకుందో, ఇంకెవరిదని అనుకుందో నేను అడగలేదు. అడిగి ఉంటే ఇప్పుడు రాయడానికి ఏమీ ఉండేది కాదు.

ఇప్పుడు కూటాలకు ఎవరూ నడవరు. మొన్న మా కోడలితో కలిసి ఆటోలో పోతే గంటన్నా పట్టలేదు. మోదుగలు కొట్టేశారు. పాట ఎత్తుకునే ఉపదేశి లేడు, మైకులో పాట దూరం నుంచే వినిపిస్తుంది. గట్టు ఉన్న చోట ఆటో ఆపించి దిగాను. కుంట పూడ్చి, ప్లాట్లు వేసి, తెల్లరంగు రాళ్ళు పాతారు. ఒక రాయి మీద నంబరు ఉంది, కూడబలుక్కుని చదివాను. నీళ్ళు ఉండిన చోట ఇప్పుడు కంకర ఉంది.

“ఏమన్నా మర్సిపోయినావా అవ్వా?” అన్నాడు ఆటో నడిపే అతను. కోడలు పొద్దుపోతుందని అంటోంది. అవ్వ కర్ర నా చేతిలో ఉంది. దాన్ని ఆ కంకర మీద ఆనించడానికి నాకు మనసొప్పలేదు. రెండు నున్నటి కొసలూ గాలిలోనే ఉండేట్టు మధ్యన పట్టుకుని నిలబడ్డాను. అతను హారన్ కొట్టాడు. కొంచేపు ఆగమన్నాను.