పడుకోబెట్టిన గుమ్మం

మొన్న తగరపువలసలో మా చెల్లెలి కూతురు కట్టించుకుంటున్న ఇల్లు చూద్దామని వెళ్లి, లోపలికి అడుగు పెట్టబోతూ ఆగిపోయాను. గోడలకు ఒక పూత రంగు కూడా పడింది, కిటికీలకు అద్దాలు వచ్చేశాయి, వీధి గుమ్మం ఉండవలసిన చోట మాత్రం ఉత్త ఖాళీ. గుమ్మమేమో ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని హాల్లో నేల మీద అడ్డంగా ఉంది. ఎప్పుడు పడిపోయిందే అని అడిగాను. ఆ పిల్ల నవ్వేసి, "పడ్లేదు పెద్దమ్మా, ఇంకా పెట్టనేదు" అంది. ఈ రోజుల్లో గుమ్మాలు ఆఖరున వస్తాయట, మరలు బిగించి, సందుల్లో ఏదో నురగ కొట్టేసి, భోజనాల వేళకు పనివాళ్లు వెళ్లిపోతారట. నేనూ నవ్వాను గానీ, వెళ్లి ఆ కాగితం మీద చెయ్యి పెట్టాను.

నా ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు, మన రోజుల్లో గోడలకన్నా ముందు గుమ్మమే లేచేది. శంకుస్థాపన, పునాదులు, ఆ తర్వాత ఇంటి మట్టం దాకా కట్టి మట్టి నింపి, మంచిరోజు చూసి దాని మీద ద్వారబంధం నిలబెట్టేవారు. పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, పైన నవధాన్యాల మూట వేలాడదీసి, రెండు వైపులా వాసాలు పోటు పెట్టేవారు. చుట్టూ గోడ లేదు, పైన కప్పు లేదు, ఆరుబయట గుమ్మం ఒక్కటీ నిలబడి ఉండేది, మేస్త్రీ కూడా పక్కనుంచి పోకుండా అందులోంచే వచ్చిపోయేవాడు. గోడలు వచ్చి పట్టుకునేదాకా అది పడకూడదు, పడితే ఇంటి యజమానికి కీడు అనేవారు. చదువుకున్నదాన్నే అయినా నేనూ నమ్మాను.

మా స్థలం దువ్వాడలో. అప్పటికి అక్కడ స్టేషను, తుప్పలు, దూరం దూరంగా నాలుగు ఇళ్లు, అంతే. మేము ఊళ్లో వన్‌టౌన్‌లో అద్దెకుండేవాళ్లం. మా వారు హార్బరులో టగ్గు మీద పనిచేసేవారు, పెద్ద ఓడలను లాక్కొచ్చి రేవుకు చేర్చే పడవ అది. గుమ్మం చేసింది మా వీధిలోని వడ్రంగి సాయిబుగారే. దాన్ని ఎక్కించిన లారీ కదిలాక కూడా కొంతదూరం వెంట నడిచి, గతుకులు చూసుకుని పొమ్మని డ్రైవరుకు చెప్పిందే చెప్పి పంపారు.

దాన్ని నిలబెట్టిన మర్నాడే గాలి మొదలైంది. తుపాను వస్తోందని, హార్బరులో ప్రమాద సూచిక ఎగరేశారని రేడియోలో చెప్పారు. అలాంటప్పుడు ఓడలను రేవులో ఉంచరు, ఒరుసుకుని పగిలిపోతాయని సముద్రంలోకి పంపేస్తారు, పంపాలంటే మా వారి టగ్గు వాటితో పాటు వెళ్లాలి. పొద్దున్నే డ్యూటీకి వెళ్లిన మనిషి, మధ్యాహ్నమైనా కబురు లేదు. హార్బరుకు వెళ్లి అడుగుదామన్నాను. మా అత్తగారు వినలేదు, దువ్వాడ పోదాం పద అన్నారు. ఆవిడది భీమిలి దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. మా మామగారు చేపల వేటకు వెళ్లి తిరిగిరాని రోజున వాళ్ల ఇంటి నడిమి రాట గాలికి పడిపోయిందట. ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పారు, మళ్లీ ఎత్తలేదు.

మేము వెళ్లేసరికి వాసాల మొదట్లో మట్టి వానకు కరిగిపోతోంది. గాలి కొట్టినప్పుడల్లా గడప ఒకవైపు లేచి మళ్లీ కూర్చుంటోంది. చెరొక వైపూ వాటేసుకుని నిలబడ్డాం. ఆ గంటల్లో నేను పడ్డ భయం తర్వాత పురుళ్లలో కూడా పడలేదు. గుమ్మం ఊగిన ప్రతిసారీ అక్కడ ఆయన పడవ ఊగిందనే అనుకున్నాను, నా చేతులు జారితే ఆయన జారిపోతారనే అనుకున్నాను. చీకటి పడేలోగా నా వల్ల కాదని తెలిసిపోయింది. ఏడుస్తూ ఆ మాటే చెప్పాను.

ఆవిడ నన్ను తిట్టలేదు. నవధాన్యాల మూట విప్పి బొడ్లో దోపుకున్నారు. "పడిపోతే సెడు గానీ, మనమే పడుకోబెడితే ఏటవుతాది? నీ వేపు గట్టిగా పట్టుకో" అన్నారు. పోట్లు తీసి, వాటిని కట్టిన తాడే గుమ్మానికి వేసి వదులు చేసుకుంటూ, వెనకున్న ఇసుక గుట్ట మీదికి మెల్లగా వాల్చాం. రెండూ ఒకటే కదా అత్తయ్యా అన్నాను.

"ఒకటెలాగవుతాది? అది పడ్లేదు, పడుకుంది. రేపు నా కొడుకొచ్చి లేపుతాడు."

స్టేషనులో తల దాచుకుని, తెల్లవారి వచ్చి చూస్తే వాసాలు ఎక్కడో తుప్పల్లో ఉన్నాయి, గుమ్మం ఇసుకలో ఉంది. కాసేపటికి మేస్త్రీ వచ్చి లేపుతానన్నాడు. అత్తగారు ముట్టనివ్వలేదు, కొడుకే లేపాలన్నారు. అప్పుడు పుట్టింది నాకు అసలు భయం. ఆయన రాకపోతే అది ఇక ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది కదా, ఆ మాట ఎందుకన్నారీవిడ అని ఆవిడ మీద కోపం కూడా వచ్చింది. పొద్దు వాలేదాకా ఆవిడ గడప మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు, నేను రైలు పట్టాల వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆ పట్టాల వెంటే మా వారు నడుచుకుంటూ వచ్చారు. చొక్కా మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. నేలనున్న గుమ్మాన్ని చూసి, పడిపోయిందా అని అడిగారు. అత్తగారు లేచి కొడుకు దగ్గరికి వెళ్లనైనా వెళ్లలేదు. "పడ్లేదు. ముందు దాన్ని లేపరా" అన్నారు. మేస్త్రీ ఒక చెయ్యి వేశాడు, ఆయన లేపారు. పోట్లు బిగించాక అత్తగారు మూట తీసి కట్టించి, తల వంచి గుమ్మంలోంచి లోపలికి నడిచి, గదీ గోడా లేని ఆ లోపల చతికిలబడి ఏడ్చారు.

తర్వాత గోడలు, శ్లాబు, గచ్చు, గృహప్రవేశం అన్నీ అయ్యాయి, అవేవీ నాకు ఇంతగా గుర్తు లేవు.

తగరపువలసలో ఆ కాగితం మీద చెయ్యి పెట్టుకుని ఇదంతా తలచుకుంటూ నిలబడ్డాను. బిగించే కుర్రాళ్లు వచ్చి, కొంచెం జరగండమ్మా అన్నారు. జరిగాను. ఇప్పుడు తుపాను ఎక్కడుందో ఫోనులోనే కనిపిస్తుంది, మనిషి ఎక్కడున్నాడో కూడా కనిపిస్తుంది, మంచిదే, ఆ భయం ఈ పిల్లలకు వద్దు. అత్తగారు లేరు, మా వారూ రిటైరై చాలాకాలమైంది, మా ఇంట్లో సముద్రం మీదికి వెళ్లేవాళ్లే లేరు. అయినా గాలి గట్టిగా వీచిన రోజున, ఆయన ఎదురుగా కుర్చీలోనే ఉన్నా సరే, నేను వెళ్లి గుమ్మం పట్టుకుని నిలబడతాను.