గుమ్మానికి వేసిన గూడబాతు

ఇవాళ కిటికీలోంచి జల్లు కొట్టి, నేను సగం చేసిన బొమ్మ తడిసింది. తడి ఉన్ని వాసనకి ఏలూరులో మా పెద్దమ్మ ఇంటి గుమ్మం గుర్తొచ్చింది.

నాకు బొమ్మలు ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు తివాచీల షెడ్డు బయట పారేసిన ఉన్ని ముక్కలు ఏరుకొచ్చి, గోనెపట్టా మీద మైదా జిగురుతో అంటించి, కొల్లేటి గూడబాతును చేశాను. పాత వల దారంతో రెక్కలు కుట్టాను. పెద్దమ్మకిచ్చాను.

“ఎంత బాగా చేశావే. గుమ్మానికి వేసుకుంటాను,” అంది.

మామిడాకుల తోరణం పక్కన వేలాడదీస్తుందనుకున్నాను. సాయంత్రం తలెత్తి వెతుక్కుంటూ వెళ్లి, దాని మీదే కాలేశాను. చేపల చెరువు నుంచి వచ్చిన పెదనాన్న పాదాల బురద పక్షి ముక్కు నిండా ఉంది.

“ఏవండీ, కాళ్లకి ఎంత మెత్తగా ఉందో చూశారా? మన పిల్లే చేసింది,” అంటోంది పెద్దమ్మ.

అది మెప్పేనని ఇప్పుడు తెలుస్తోంది. తర్వాత ఆవిడే అడిగింది, “పాతది చివికిపోయిందే, ఇంకోటి చేసిపెట్టవూ?” అని. చేయలేదు. ఆవిడ పోయింది.

ఇప్పుడు నా బొమ్మలు ప్రదర్శనల్లో గోడలకు ఉంటాయి. ప్రతిదాని పక్కన ‘తాకరాదు’ అని నేనే రాయిస్తాను.