చివరి పేజీలు లేవు

ఒక పెన్సిల్ ముక్కతో మనిషి తన గొయ్యి తానే ఎంత లోతుగా తవ్వుకోగలడో తెలుసుకోవాలంటే కాసేపు కూర్చోండి, చెబుతాను. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. నాకంటే తెలివైనవాడు జిల్లాలో లేడని నా నమ్మకం.

ఎనభైల చివర్లో మా కుకునూరుపల్లి వాళ్లకు సిద్దిపేటే సిటీ. ప్రతి శనివారం బస్సెక్కి అక్కడి కళాకేంద్రానికి పోయేవాణ్ణి. కళ మీద ప్రేమ అనుకునేరు! వెనక గదిలో డ్రాయింగ్ సార్ పిల్లలకు బొమ్మలు నేర్పేవారు. ముందు గదిలో ఖాదర్ చాచా పుస్తకాల షాపు. నా యాత్ర ముందు గదిలోనే ముగిసేది. అక్కడ ఒక డిటెక్టివ్ నవలను వారానికి కొన్ని పేజీల చొప్పున నిలబడే చదువుతున్నాను. కొనాలన్న ఆలోచన నా ఛాయలకు రాలేదు. చాచా ఏనాడూ ఒక్క మాట అనలేదు.

హంతకుడెవరో తేలడానికి ఇంకా ఇరవై పేజీలున్నాయనగా బస్సు టైమైంది. షాపులో ఉన్నది ఆ ఒక్క కాపీయే. ఈ వారంలో ఎవరైనా కొనేస్తే? చాచా చూడకుండా మొదటి పేజీలో పెన్సిల్‌తో రాశాను: “గమనిక: ఇందులో చివరి పేజీలు లేవు.” వారమంతా నా తెలివికి నేనే మురిసిపోయాను.

మళ్లీ శనివారం వెళ్లేసరికి అరలో నవల లేదు.

“చాచా, గా డిటెక్టివ్ పుస్తకం ఏమైంది?”

“గదా బేటా? దాంట్ల చివరి పేజీల్ లేవంట. ఎవలో మంచోడు రాసిపెట్టిండు. డ్రాయింగ్ సార్‌కు ఇచ్చేసిన. పిల్లలు చింపి, ఆ ముక్కలతోని బొమ్మలు అతికిస్తున్రు.”

“నువ్వు తిరగేసి చూడలేదా?”

“చూసేదేముంది? లేనిది ఊకె రాస్తడా?”

వెనక గదిలోకి పరుగెత్తాను. గోడంతా నా నవలే! ఇన్‌స్పెక్టర్ విచారణ మొత్తం కోడిపుంజు తోకలో ఉంది. శవం దొరికిన చోటు ఏనుగు కాలికి పోయింది. మెడ వంచుతూ, మోకాళ్ల మీద కూర్చుంటూ చదవసాగాను. వెనకనుంచి డ్రాయింగ్ సార్ గొంతు వినిపించింది.

“తమ్మీ, మా పిల్లల బొమ్మలను గింతసేపు చూసినోడు ఇప్పటిదాంక ఒక్కడు రాలే. ఏం కనవడ్తుంది నీకు?”

“హంతకుడు దొరుకుతలేడు సార్.”

“అబ్బ! ఎంత లోతు మాటన్నవ్ తమ్మీ!” అని సార్ కళ్లు తుడుచుకున్నారు.

అసలు వాక్యం ఏనుగు నుదుట దొరికింది: “విషం కలిపింది మరెవరో కాదు...” ఆ తరువాతి మాట మీద ఎవరో ఎర్ర కాగితంతో బొట్టు అతికించారు. గోరుతో గీకాను. బొట్టుతో పాటు పేరూ ఊడొచ్చి, ఏనుగు నుదుట చిల్లు పడింది.

“అరె! ఏం జేస్తున్నవ్ రా?” సార్ కేకకు చాచా కూడా వచ్చాడు. ఇక దాచి లాభం లేదు.

“గా మాట రాసింది నేనే చాచా. పేజీలన్నీ ఉండె.”

చాచా తిట్టలేదు. “కొనకున్నా చదువనిచ్చిన గద బేటా. నీ మాట నమ్మి మంచి పుస్తకం చింపిచ్చిన,” అన్నాడు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ నవలదే కొత్త కాపీ ఒకటి ఆ పొద్దునే పుస్తకాల కట్టలో వచ్చిందంటే, అక్కడికక్కడే కొన్నాను. జీవితంలో నేను కొన్న మొదటి పుస్తకం అది.

బస్సులో కూర్చోగానే చివరికి తిప్పాను. నూట నలభై నాలుగో పేజీ తరువాత అట్ట వచ్చింది. మళ్లీ తిప్పాను, మళ్లీ అట్టే వచ్చింది. ప్రెస్సువాళ్ల పొరపాటు కాబోలు, చివరి పదహారు పేజీలు నిజంగానే లేవు.

ఆ మాట పోయి చాచాతో చెప్పే మొహం నాకుందా? మీరే చెప్పండి. విషం కలిపిందెవరో నాకు ఈనాటికీ తెలియదు. కాబట్టి పాఠకులారా, ఉన్న పేజీలను లేవని బతికుండగా రాయనని, నా డబ్బుతో కొనని పుస్తకం దగ్గరకు పెన్సిల్‌తో వెళ్లనని మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను.