వాన పడ్డాక హారతి

తొలకరి పడగానే మట్టివాసన వస్తుందని అందరూ మురిసిపోతారు. మా మోవా కాలనీలో ముందు వచ్చేది మురుగువాసనే. నిన్న సాయంత్రం కిటికీ తెరిచానో లేదో గుప్పున కొట్టింది. మా ఆయన తలుపు వెయ్యమన్నారు. నేను వెయ్యలేదు. ఆ వాసన తగిలితే నాకు ఇదే ఊళ్లో గుఢియారీలో ఉన్న మా పాత వీధి గుర్తొస్తుంది, ఆ వీధి అంటే పైడమ్మత్త గుర్తొస్తుంది, ఆవిడ గుర్తొచ్చిన పూట నాకు అన్నం సయించదు.

పైడమ్మత్త మాకు చుట్టమేమీ కాదు. వాళ్లదీ మాదీ విజయనగరం వైపే. రెండిళ్లలోనూ మగవాళ్లు రైల్వే ఉద్యోగాలకని ఛత్తీస్‌గఢ్ వచ్చినవాళ్లే. పట్టాల పక్క వీధిలో మా ఇల్లు మిట్టన, ఆవిడ ఇల్లు పల్లంలో, చిట్టచివర. ఆ ఇంటి వెనకే మురుగు పట్టాల కిందనుంచి అవతలికి పోయే తూము ఉండేది. అక్కడివాళ్లు పులియా అంటారు. అది పూడిపోయి ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలియదు. వానాకాలం వచ్చిందంటే మురుగంతా వెనక్కి తన్ని ముందు ఆవిడ వంటింట్లోకి, తరవాత వీధిలోకి వచ్చేది. ఆవిడ భర్త అప్పారావు మావయ్యకి ఉబ్బసం. ఆ తడి కొంపలో ఆయన మంచం మీద కూర్చుని ఊపిరి కోసం ఎగపోస్తుంటే చూడలేకపోయేవాళ్లం. పులియా తెరిపించాలి, మావయ్య పొడి గదిలో పడుకోవాలి. అత్తకి కావలసింది అంతకంటే ఏమీ లేదు.

కార్పొరేషన్ ఆఫీసుకి వెళ్తే, పట్టాల కింద ఉన్నది మా పని కాదు అనేవారు. రైల్వే ఆఫీసుకి వెళ్తే, పారేది ఊరి మురుగు, మాకేం సంబంధం అనేవారు. నేనప్పుడు కాలేజీలో చదువుతున్నాను. హిందీ గడగడా మాట్లాడతానని అత్త నన్ను వెంటబెట్టుకుని తిరిగేది. మొదటిసారి వెళ్లినప్పుడు ఆవిడ చేతిసంచీలోంచి వంటింటి పీట తీసి, గుమాస్తా బల్ల ఎదురుగా వేసుకుని, ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుంది. సిగ్గుతో నా ప్రాణం పోయింది. ఇక్కడ కూర్చోకూడదని అతను కసిరాడు. అత్త తనకొచ్చిన హిందీలో తాపీగా చెప్పింది.

"బేటా, కుర్సీ తుమ్హారా, పీటా హమారా, జమీన్ సబ్‌కా."

కుర్చీ నీది, పీట నాది, నేల అందరిదీ. అతను ఫైళ్లు తిరగెయ్యడం మొదలెట్టాడు. బయటికొచ్చాక నేను గొణుగుతుంటే అత్త నవ్వింది.

"ఏటే గుంటా, సిగ్గేసిందా? నిలబడి అడిగితే ముష్టికొచ్చిందనుకుంటారు. కూకుంటే పనిమీదొచ్చిందనుకుంటారు."

"గెంటేస్తేనో, అత్తా?"

"గెంటితే లెగుస్తాను. రేపు మళ్లీ ఎల్లి కూకుంటాను. నా పీటేమన్నా అరిగిపోద్దా?"

చూస్తుండగానే వీధిలో ఆడవాళ్లంతా పీటలు పట్టుకుని ఆవిడ వెనక బయల్దేరారు. మా తెలుగువాళ్లూ, ఛత్తీస్‌గఢీ వాళ్లూ కలిసి ఆఫీసు వరండాలో వరసగా కూర్చుని బెండకాయలు తరుక్కునేవారు, చిక్కుళ్లు ఒలుచుకునేవారు. మా అమ్మ కూడా వచ్చేది. అత్త దీన్ని పేరంటం అనేది. ఆఫీసరు వచ్చేటప్పటికి దారి ఉండేది కాదు. పక్కకి జరగండమ్మా అని ఆయనే బతిమాలేవాడు. నా జన్మలో నేను చూసిన గొప్ప రోజులేవంటే అవే.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. మా వార్డు పార్షద్, అంటే కార్పొరేటరు, ఉన్నట్టుండి మేలుకున్నాడు. కూలీలు వచ్చారు. పులియా నోటి దగ్గర కాస్త పూడిక తీశారు, దాని ముందు కొత్తగా సిమెంటు గోడ కట్టారు, సున్నం కొట్టారు. ప్రారంభోత్సవం అన్నారు. అత్త వంగి లోపలికి చూసింది. అవతలి వెలుతురు కనిపించలేదు.

"హారతులూ గీరతులూ ఇప్పుడొద్దర్రా," అంది మా అమ్మతో. "ముందు వాన పడనీండి. నీరు అవతలికెళ్లిందంటే నేనే ఇస్తాను హారతి."

"గుమ్మంలోకొచ్చిన మనిషికి బొట్టెట్టి పంపకపోతే ఏం బాగుంటాది, వదినా? పగోడికైనా మర్యాద చేస్తాం కదా," అంది అమ్మ.

మావాళ్ల బుద్ధి అది. ఇంటికొచ్చినవాడు ఎవడైనా సరే, ఉత్తినే పంపితే తల తీసేసినట్టుంటుంది. వచ్చినవాడు చుట్టం కాడు, మనం కట్టిన పన్నుతో పని చెయ్యాల్సినవాడు అని చెబితే బుర్రకెక్కదు. దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, కర్పూరం వెలిగించి ఆ మనిషి ముఖం చుట్టూ తిప్పారు. అమ్మ బూరెలు వండింది. ఫొటోలు తీశారు. అత్త ఒక్కతే తన గుమ్మంలో నిలబడి చూసింది.

ఆషాఢంలో వాన పట్టుకుంది. మురుగు ఎప్పటిలాగే వెనక్కి తన్నింది. ఈసారి ఆ కొత్త గోడ కూడా అడ్డు కావడంతో ఇంకా పైకొచ్చింది. మావయ్య మంచం కోళ్లు మునిగాయి. ఆయన్ని మా ఇంటికి మోసుకొచ్చాం, రొమ్ము పట్టేసి ఆయాసం ఎక్కువైతే ఆస్పత్రిలో చేర్చాం. అక్కణ్ణుంచే అత్త నన్ను తీసుకుని ఆఫీసుకి వెళ్లింది. ఆఫీసరు ఫైలు తెరిచి ఒక ఫొటో మా ముందుకి తోశాడు. మా అమ్మ చేతిలో హారతి పళ్లెం, చుట్టూ నవ్వుతున్న మా వీధి ఆడవాళ్లు.

పని పూర్తయింది, బస్తీ వాళ్లు సంతోషించారు, ఇదిగో సాక్ష్యం అన్నాడు. అత్త ఆ ఫొటో వెనక్కి తోసి లేచింది.

"మన ఏలితోనే మన కన్ను పొడుచుకున్నామే," అంది మెట్లు దిగుతూ.

మావయ్య ఆస్పత్రినుంచి తిరిగి రాలేదు. పెద్దకర్మ నాడు పార్షద్ పరామర్శకి వచ్చాడు. ఆడవాళ్లు పరుగులు పెట్టి కుర్చీ వేశారు, టీ తెచ్చారు. అత్త ఆయనకి ఎదురుగా కూర్చుంది. ఏడవలేదు. "పులియా కబ్, బేటా?" అని అడిగింది. ఎప్పుడు బాగుచేస్తావని. ఆయన తల వంచుకుని, ఇది దుఃఖసమయం మాతాజీ, ఇప్పుడా మాట ఎందుకు అన్నాడు.

వాడంటే అన్నాడు, వాడి బతుకే అది. మావాళ్లకేం వచ్చింది? ఆఫీసు వరండాలో ఆవిడ పక్కన కూర్చున్నవాళ్లే ఒక్కొక్కరూ అందుకున్నారు. "నిజవే వదినా, ఇప్పుడెందుకు ఆ మాట?" "పోయినోళ్ల ముందు ఈ గొడవలేటి?" ఆఫీసులో పీటలేసుకుని కూర్చుంటే వాళ్లకి కోపమొచ్చి పని పాడుచేశారని కూడా ఒకావిడ సణిగింది. మా అమ్మ అత్త చెయ్యి నొక్కింది.

"ఊరుకో వదినా. పెద్దమనిషి మనింటికొచ్చాడు."

"ఇప్పుడు కాపోతే ఇంకెప్పుడే?" అంది అత్త. ఆయన్ని కాదు, మమ్మల్ని. అందరి ముఖాలూ చూసింది. టీ చల్లారిపోతోంది సాబ్, తాగండి అని ఎవరో అన్నారు.

ఆ తరవాత అత్త ఊళ్లోనే టాటీబంధ్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. పోయేదాకా ఇంక ఏ ఆఫీసు గడపా తొక్కలేదు. ఒకసారి చూడ్డానికి వెళ్లి, ఎందుకు వదిలేశావని అడిగాను. "ఆఫీసోడితో ఎన్నాళ్లైనా తగువాడొచ్చే. ఆడికి టీ ఇచ్చినోళ్లతో ఏటి తగువాడతాం?" అంది. ప్రభుత్వం ఆవిడని ఓడించలేకపోయింది, అది నేను బల్లగుద్ది చెబుతాను. ఓడించింది మా వీధి.

నాకు మిగిలింది అత్త అడిగిన ఆ ప్రశ్నే. మా కాలనీ మీటింగులో ఏది ఎత్తినా 'ఇప్పుడెందుకండీ' అంటారు. పిల్లల పరీక్షలంటారు, పండగంటారు, ఎన్నికలంటారు. మరెప్పుడని నేను అడుగుతాను. గయ్యాళి అని పేరొచ్చింది, రానీ. పులియా ఇప్పటికీ అలాగే ఉంది. మా అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఏ లోటూ రానివ్వకుండా చూసుకుంటున్నాను. పైడమ్మ ప్రస్తావన వస్తే మాత్రం, "మంచిదే పాపం, సమయం సందర్భం తెలీదు, అంతే," అంటుంది. ఆ ఒక్క మాటకి నేను మా అమ్మని క్షమించలేకపోతున్నాను.