వట్టివేళ్ల వాసన

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో, నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే బస్సులో నా పక్కన ఒక ముసలి సన్యాసిని కూర్చుంది. అప్పటికి మా భూములు పోయాయి గాని నా బింకం పోలేదు. ముక్కు మూసుకోవాల్సి వస్తుందనుకున్నాను. కానీ అట్టలు కట్టి నడుము దాకా దిగిన ఆమె జడల్లో ఏ మురికి వాసనా లేదు. నేను చూడటం ఆమె కనిపెట్టింది.

“ఏందప్పా, జడలెప్పుడూ చూడలేదా?”

“మా అమ్మకూ కట్టినాయి. నీళ్లు తగిలితే అమ్మవారు సహించదని మా గురువు చెప్పినారు. ఆరేండ్లాయ. తలంతా పుండ్లు.”

“తల కడగకుండా ఎవరుంటారప్పా? కుంకుడు రసం గుడ్డలో రెండుసార్లు వడగట్టి పోయండి. సీకాయ పొడి వద్దు, జడలో ఇరుక్కుంటే రాదు. కడకు వట్టివేళ్లు నానేసిన నీళ్లు పోసి, ఎండలో ఆరబెట్టండి. మీ గురువుకూ జడలుండాయా?”

“ఉన్నాయి.”

ఆమె నవ్వి కిటికీ వైపు తిరిగింది.

ఇంటికి పోయి నా భార్య చేత అట్లే చేయించాను. అమ్మ ఆరేండ్ల తర్వాత తల గోక్కోకుండా ఎండలోనే కునుకు తీసింది. దగ్గరికి వంగితే వట్టివేళ్ల వాసన. గురువుగారి పాదాలకు మొక్కేటప్పుడు ఆయన జడల నుంచి వచ్చే వాసనే అది. చిన్నప్పటి నుంచి దాన్ని తపస్సు వాసన అనుకున్నాను.

ఆ తర్వాత ఆయన మా గడప తొక్కినప్పుడు నేను వంగలేదు. ఆస్తి పోయినా పొగరు పోలేదని ఊళ్లో అన్నారు. నేను కాదనలేదు.