తృణీకారమూ తొంభై చొప్పకట్టలూ

ఏ మాట విన్నా అది ఎక్కడ పుట్టిందో తెలుసుకోకపోతే అన్నం సయించని రోజులవి. పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చి, జహీరాబాదులో బిందుసేద్యం పైపులు వేసే ఒక చిన్న కంపెనీలో కుదిరాను. సర్కారు ఉద్యోగపు పరీక్ష కోసం తెలుగు మాటలను, వాటి పుట్టుకలతో సహా, వరుస సంఖ్యలు వేసి నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. (జేబులో మూడు రంగుల పెన్నులుండేవి. ఎరుపు ముఖ్యమైనవాటికి. నాకు అన్నీ ముఖ్యమే కనుక ముందు అదే అయిపోయేది.) ఆ ఉదయం ఝరాసంగం వెళ్లే షేర్ ఆటోలో, ఒక మోకాలు లోపల, ఒకటి బయట పెట్టుకుని రాసిన మాట ఇది: "నలభై ఒకటి. తృణీకారం. తృణం అంటే గడ్డి. ఎదుటిదాన్ని గడ్డిపోచ కింద జమకట్టి పారేయడం."

నేను ఒంటరిగా బాధ్యత తీసుకున్న మొదటి చేను ఒక అవ్వది. పని పూర్తయిందని సాయంత్రంలోగా ఆమె సంతకం పెడితేనే నా ఉద్యోగం ఖాయమని మా పెద్దసారు ముందే చెప్పారు. అందుకే పనుల జాబితాతో వెళ్లాను. అందులో మొదటిది, "అడ్డుగా ఉన్న గడ్డి తొలగించుట". పైపు పోయే దారిలో జొన్నచొప్ప కట్టలు పేర్చి ఉన్నాయి. ఇద్దరు కూలీలతో కలిసి తొంభై కట్టలనూ పక్క పల్లంలోకి విసిరేసి, జాబితాలో టిక్కు పెట్టి, పైపులు బిగించి మోటరు వేశాను. నీళ్లు బ్రహ్మాండంగా వచ్చాయి. కాకపోతే ఒక జాయింటు ఊడి, అన్నీ ఆ పల్లంలోకే వచ్చాయి.

అవ్వ వచ్చేసరికి చొప్ప నానుతోంది.

"ఏంది సారూ గిది?"

"గడ్డే గదవ్వా, ఎండితే అయిపాయె," అన్నాను.

"గడ్డే గదా! మరి ఎండకాలం నా బర్రె ఏం తినాలె? నీ పైపు నములుతదా? నా సొప్ప ఎప్పటిలెక్క కుప్పయ్యేదాంక సంతకం గింతకం జాన్తా నై!"

కూలీలు బీడీలు వెలిగించుకుని గట్టెక్కారు. నేను జాయింటు బిగించి, కట్టలను నాలుగేసి చొప్పున కొనలు కలిపి, చిన్న గుడిసెల్లా ఎండలో నిలబెట్టాను. ఆరాక పేర్చిన మొదటి వరుసను అవ్వ చేతికర్రతో కూల్చేసింది.

"మొదళ్లు బయటికి, కొనలు లోపటికి! వాన లోపటికి దిగొద్దు. గంత సదివినవ్, గిది సుత తెల్వదా?"

నేను నోటుబుక్కు తీశాను.

"రాసుడు బంద్ జేసి మొయ్యి!"

జొన్నాకు గీరుకుని మెడంతా మండుతుంటే, ఆమెను మంచి చేసుకుందామని పొద్దుటి మాట ఎత్తాను. "అవ్వా, ఎవల్నన్న చులకనగ చూస్తే, గడ్డి లెక్క చూసిన్రని పుస్తకాలల్ల రాస్తరు."

ఆమె చేతికర్ర ఆగింది. "గా మాట పుట్టిచ్చినోనికి బర్రె లేదు బిడ్డా," అంది.

(సారు ఎప్పుడు బిడ్డ అయ్యాడో ఆ అలసటలో నేను గమనించలేదు.) పొద్దు వాలుతుండగా కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి, వంకరగా ఉన్న ఒక కట్టను తానే సర్ది, సంతకం పెట్టింది.

నలభై ఒకటో మాట ఏ పరీక్షలోనూ రాలేదు. సర్కారు ఉద్యోగమూ రాలేదు. అదే కంపెనీలో ఇప్పుడు కొత్తవాళ్లకు జాబితాలు రాసిచ్చేది నేనే. మొదటి పని మాత్రం మార్చాను: "కుప్ప ఎవరిదో, ఎందుకో అడుగుట". వాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఝరాసంగం దారిలో ఏ కుప్పలోనైనా ఒక కట్ట కొన బయటికి కనిపిస్తే, ఆటో దిగి సర్దాలని ఇప్పటికీ చెయ్యి లాగుతుంది. అప్పటి ఆ మూడు పెన్నుల సారు పక్కన ఉంటే, రాయడం ఆపి ఒక చెయ్యి వెయ్యమందును.